రీస్టార్ట్ అడిగే కంప్యూటర్‌ను మన వేళకు తెచ్చుకోవడం ఎలా?

పరీక్ష దరఖాస్తు నింపుతుంటేనో, ఆఫీసు మీటింగ్ నడుస్తుంటేనో తెర మూలన చిన్న పెట్టె ఒకటి వస్తుంది. అప్‌డేట్ పూర్తి కావాలంటే రీస్టార్ట్ చేయాలంటుంది. ఇప్పుడు కాదని నొక్కేస్తాం. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ నొక్కేస్తాం. అలా కొన్నాళ్లు గడిచాక ఒక రాత్రి ఫైళ్లన్నీ తెరిచే ఉంచి పడుకుంటే, పొద్దున లేచేసరికి కంప్యూటర్ పాస్‌వర్డ్ అడుగుతూ కనిపిస్తుంది. సేవ్ చేయని పనంతా పోయి ఉంటుంది.

ఈ బాధ పడ్డవాళ్లలో చాలామంది ఆ తర్వాత వెతికేది అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేసే చిట్కా. దయచేసి ఆ దారి పట్టకండి. రీస్టార్ట్‌ను తప్పించుకోవాల్సిన అవసరం లేదు. అది ఎప్పుడు జరగాలో మనం ముందే చెప్పేస్తే చాలు, విండోస్ చాలావరకు మన మాట వింటుంది. దానికి కావలసిన సెట్టింగులన్నీ ఇంట్లో వాడే హోమ్ ఎడిషన్‌లోనే ఉన్నాయి. విడిగా ఏ సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు, విండోస్ లోపలి సెట్టింగులు దాచి ఉండే రిజిస్ట్రీ జోలికి పోనక్కర్లేదు.

ఇక్కడ చెప్పేదంతా విండోస్ 11 గురించి. మెనూల పేర్లు తెర మీద కనిపించే ఇంగ్లిష్ మాటలనే తెలుగు అక్షరాల్లో రాశాను. విండోస్ 10 వాడేవాళ్లకు తేడా ఉన్న చోట చెబుతాను.

అసలు రీస్టార్ట్ ఎందుకు అడుగుతుంది?

విండోస్ నడుస్తున్నంతసేపూ దాని ముఖ్యమైన ఫైళ్లు వాడుకలోనే ఉంటాయి. వాడుకలో ఉన్న ఫైలును తీసేసి ఆ చోట కొత్తది పెట్టడం కుదరదు. అందుకని అప్‌డేట్ కొత్త ఫైళ్లను దింపుకుని, సిద్ధం చేసి పక్కన పెట్టుకుంటుంది. రీస్టార్ట్ అయ్యే ఆ కాసేపట్లో పాతవి తీసి కొత్తవి పెడుతుంది. అంటే రీస్టార్ట్ పెట్టె కనిపిస్తోందంటే, లోపాన్ని సరిచేసే మందు మీ ఇంటికి వచ్చింది గానీ ఇంకా వేసుకోలేదని అర్థం. డౌన్‌లోడ్ అయిపోయింది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఆ తేడా ఎంత ముఖ్యమో 2017లో ప్రపంచమంతా చూసింది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న అప్‌డేట్ విడుదల చేసింది. అదే లోపాన్ని పట్టుకుని వానాక్రై అనే వైరస్ మే 12న విరుచుకుపడింది. మధ్యలో దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లను అది ఆ దారిన ఏమీ చేయలేకపోయింది. వేసుకోని లక్షల కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దెబ్బ తిన్నాయి. రీస్టార్ట్‌ను వారాల తరబడి నెట్టుకురావడం అంటే ఆ రెండు నెలల వ్యవధిని చేజేతులా పొడిగించుకోవడమే.

అప్‌డేట్ ఏ రోజు వస్తుందో ముందే తెలుసు

చాలామందికి తెలియని సంగతి ఇది: విండోస్ అప్‌డేట్లకు ఒక తేదీ ఉంది. 2003 నుంచీ మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా అప్‌డేట్లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలకు. మనకది మంగళవారం రాత్రి, వాళ్ల వేసవిలో పదిన్నరకు, చలికాలంలో పదకొండున్నరకు. కాబట్టి మన ఇళ్లలో కంప్యూటర్ ఆన్ చేసేసరికి బుధవారం అవుతుంది. రీస్టార్ట్ పెట్టె సాధారణంగా ఆ బుధవారం నుంచి శుక్రవారం లోపు మొదటిసారి కనిపిస్తుంది.

కాబట్టి ఫోన్ క్యాలెండర్‌లో నెలకొక గుర్తు పెట్టుకోండి: రెండో మంగళవారం దాటాక వచ్చే శని లేదా ఆదివారం, తీరికగా ఉండే పూట. ఇక్కడ ఒక జాగ్రత్త. రెండో శనివారం సెలవు కదా అని దాన్నే గుర్తు పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. నెల ఒకటో తేదీ బుధ, గురు, శుక్ర, శనివారాల్లో ఏదైనా అయితే రెండో శనివారం, రెండో మంగళవారం కంటే ముందే వచ్చేస్తుంది. మంగళవారాన్నే లెక్కపెట్టుకోండి.

నెలాఖరు వారంలో మరో రకం అప్‌డేట్ కనిపిస్తుంటుంది. దాని పేరులో ప్రివ్యూ అని ఉంటుంది. వచ్చే నెల రాబోయే మార్పులను ముందే రుచి చూపించే అప్‌డేట్ అది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు దాని అవసరం లేదు. మామూలుగా మీరు డౌన్‌లోడ్ నొక్కనంతవరకూ అది తనంతట తాను రాదు, రీస్టార్ట్ కూడా అడగదు. ఒక స్విచ్ ఆన్‌లో ఉంటే మాత్రం అడగకుండానే రావచ్చు. అలా రాకుండా ఉండాలంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిచి, 'గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్' అన్న స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. పేరు చూసి మంచిదేమో అని చాలామంది దాన్ని ఆన్ చేసుకుంటారు. ఆఫ్ చేసినా భద్రతా అప్‌డేట్లు సమయానికే వస్తాయి. దాన్ని ఆన్ చేసుకున్న ఇళ్లలో ఈ ఒక్క స్విచ్ ఆపితేనే రీస్టార్ట్ అడగడం తగ్గుతుంది.

అప్పుడప్పుడూ ఏదైనా ప్రమాదకరమైన లోపం బయటపడితే మంగళవారంతో పని లేకుండా అత్యవసర అప్‌డేట్ వస్తుంది. అది అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఆ రోజే రీస్టార్ట్ చేసేయడం మంచిది.

యాక్టివ్ అవర్స్: ముందుగా చేయాల్సిన పని

మీరు కంప్యూటర్ మీద ఏ వేళల్లో పనిచేస్తారో విండోస్‌కు చెప్పే సెట్టింగ్ ఇది. ఆ వేళల్లో తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఉంటుంది. ఇలా పెట్టుకోండి:

1. కీబోర్డ్ మీద విండోస్ బటన్, ఐ అక్షరం కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. ఎడమవైపు వరుసలో చివరన విండోస్ అప్‌డేట్ ఉంటుంది. దాన్ని నొక్కండి.
2. కుడివైపు కిందకు వెళ్లి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరవండి.
3. యాక్టివ్ అవర్స్ అన్న వరుసను నొక్కండి. 'అడ్జస్ట్ యాక్టివ్ అవర్స్' పక్కన ఆటోమేటికల్లీ అని ఉంటే దాన్ని మాన్యువల్లీ చేయండి.
4. స్టార్ట్, ఎండ్ దగ్గర మీ వేళలు ఇవ్వండి. రెండింటి మధ్య గరిష్ఠంగా 18 గంటలు ఇవ్వచ్చు. అర్ధరాత్రి దాటి వెళ్లినా ఒప్పుకుంటుంది.

విండోస్ 10లో ఇదే సెట్టింగ్ 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ' లోపల, విండోస్ అప్‌డేట్ పేజీలో 'చేంజ్ యాక్టివ్ అవర్స్' అనే పేరుతో ఉంటుంది.

ఆటోమేటిక్‌గా వదిలేస్తే విండోస్ మీ వాడకాన్ని గమనించి వేళలు తానే ఊహించుకుంటుంది. ఒక్కరే రోజూ ఒకే వేళకు వాడే కంప్యూటర్‌కు అది సరిపోతుంది. మన ఇళ్లలో అలా ఉండదు. పగలు పిల్లల చదువు, సాయంత్రం ఇంట్లో ఇంకొకరి పని, రాత్రి మరొకరి ఆఫీసు, అన్నీ ఒకే యంత్రం మీద నడుస్తుంటాయి. అందుకే మాన్యువల్ మంచిదని నా గట్టి అభిప్రాయం.

అమెరికా వేళల ప్రకారం ఇంటి నుంచి పనిచేసేవాళ్లు దీన్ని మరీ ముఖ్యంగా చూసుకోవాలి. విండోస్ మొదట పెట్టుకునే వేళలు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు వరకు. అంటే సరిగ్గా మీ డ్యూటీ మొదలయ్యే వేళకు విండోస్‌కు రీస్టార్ట్ చేసుకునే స్వేచ్ఛ వస్తుంది. ఉదాహరణకు పిల్లలు పొద్దున తొమ్మిదికి కూర్చుంటారు, మీ పని తెల్లవారుజామున మూడింటికి ముగుస్తుంది అనుకుందాం. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి మూడు వరకు పెట్టండి. సరిగ్గా 18 గంటలు. మూడు నుంచి తొమ్మిది వరకూ అప్‌డేట్‌కు వదిలేయండి.

ఆఫీసు వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ సెట్టింగులు మీ చేతిలో ఉండకపోవచ్చు. కొన్ని సెట్టింగులను మీ సంస్థ చూసుకుంటోందని ఆ పేజీలోనే రాసి ఉంటుంది. అప్పుడు వేళల గురించి అక్కడి ఐటీ విభాగంతోనే మాట్లాడాలి.

ఒక మెలిక కూడా తెలుసుకోవాలి. యాక్టివ్ అవర్స్ కాని వేళల్లో కంప్యూటర్ ఆన్‌లో గానీ, చార్జర్ పెట్టి స్లీప్‌లో గానీ ఉంటేనే విండోస్ తన పని చేసుకోగలదు. రాత్రి పడుకునే ముందు గోడ మీద స్విచ్ కూడా ఆపేసే ఇళ్లలో దానికి ఆ అవకాశమే దొరకదు. పని చేసుకునే వేళ దొరక్క, మీరు కూర్చున్నప్పుడల్లా పెట్టె చూపిస్తుంది. వాయిదాలు మరీ ఎక్కువైతే యాక్టివ్ అవర్స్‌ను కూడా పట్టించుకోకుండా గడువు పెట్టేస్తుంది. మీ ఇల్లు అలాంటిదైతే కింద చెప్పే షట్‌డౌన్ పద్ధతి మీకు బాగా పనికొస్తుంది.

అదే పేజీలో ఇంకో మూడు స్విచ్‌లు

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ మూసేయకముందే ఈ మూడూ చూసేయండి.

'నోటిఫై మీ వెన్ ఎ రీస్టార్ట్ ఈజ్ రిక్వైర్డ్' అన్నదాన్ని ఆన్ చేయండి. ఇది ఆఫ్‌లో ఉంటే రీస్టార్ట్ రాబోతోందని మీకు తెలియకుండానే గడిచిపోవచ్చు. ఆన్ చేస్తే ముందస్తు హెచ్చరిక వస్తుంది. పెట్టెలు తగ్గాలని కోరుకునేవాళ్లకు ఇది విరుద్ధంగా అనిపించవచ్చు గానీ, అడిగి చేసే రీస్టార్ట్ అడగకుండా చేసేదానికంటే ఎంతో నయం.

'గెట్ మీ అప్ టు డేట్' అన్నదాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. అది ఆన్‌లో ఉంటే అప్‌డేట్ సిద్ధమైన వెంటనే, యాక్టివ్ అవర్స్ అయినా సరే, వీలైనంత త్వరగా రీస్టార్ట్ చేసేస్తుంది. ఎవరో బాగుచేసి ఇచ్చిన కంప్యూటర్లలో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాటిలో ఇది ఆన్‌లో ఉండిపోయే అవకాశం ఉంది.

మూడోది 'డౌన్‌లోడ్ అప్‌డేట్స్ ఓవర్ మీటర్డ్ కనెక్షన్స్'. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లు దీన్ని ఆఫ్‌లో ఉంచి, ఆ హాట్‌స్పాట్‌ను మీటర్డ్‌గా, అంటే డేటాకు పరిమితి ఉన్న కనెక్షన్‌గా గుర్తు పెట్టుకోవాలి. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ఆ కనెక్షన్ ప్రాపర్టీస్ వరకూ వెళితే 'మీటర్డ్ కనెక్షన్' స్విచ్ ఉంటుంది. దాంతో రోజువారీ డేటా అంతా అప్‌డేట్‌కే అయిపోదు. అయితే ఇలా పెట్టుకున్నవాళ్లు నెలకోసారైనా వైఫై ఉన్న చోటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అప్‌డేట్ చేసుకోవాలి. లేకపోతే అప్‌డేట్లు ఆపేసినవాళ్లకూ మీకూ తేడా ఉండదు.

రీస్టార్ట్‌కు ముహూర్తం పెట్టడం

అప్‌డేట్ దిగిపోయి రీస్టార్ట్ కోసం చూస్తున్నప్పుడు టాస్క్‌బార్ కుడి మూలన విండోస్ అప్‌డేట్ గుర్తు మీద, స్టార్ట్ మెనూలో పవర్ బటన్ మీద చిన్న నారింజ రంగు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క కనబడిన రోజే ఒక్క నిమిషం కేటాయించండి. విండోస్ అప్‌డేట్ పేజీలో 'రీస్టార్ట్ నౌ' దగ్గరే 'షెడ్యూల్ ద రీస్టార్ట్' అనే అవకాశం ఉంటుంది. అది నొక్కి, స్విచ్ ఆన్ చేసి, ఏ రోజో ఏ వేళో ఎంచుకోండి. కొన్ని రోజుల లోపు ఏ పూటైనా ఇవ్వచ్చు. పెట్టాక ఇక అది మధ్యలో మిమ్మల్ని అడగాల్సిన పని ఉండదు. ఆ వేళకు ఫైళ్లు సేవ్ చేసి లేచిపోతే చాలు.

పెట్టె వచ్చినప్పుడల్లా ఇప్పుడు కాదు అని నొక్కడం కంటే ఈ ఒక్క నిమిషం ఎందుకు మేలంటే, వాయిదా వేసినప్పుడు మళ్లీ ఎప్పుడు అడగాలో విండోస్ నిర్ణయిస్తుంది. వేళ పెట్టినప్పుడు మీరు నిర్ణయిస్తారు.

ముఖ్యమైన వారాల్లో పాజ్ చేయండి

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటి దరఖాస్తులకు చివరి తేదీ, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, ఇంటి నుంచి రాయాల్సిన పరీక్ష, ఆదాయపు పన్ను రిటర్నుల గడువు. ఇలాంటి వారాల్లో అప్‌డేట్ అసలు దరిదాపులకే రాకుండా చేసుకోవచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలో 'పాజ్ అప్‌డేట్స్' వరుసలో 'పాజ్ ఫర్ 1 వీక్' అని ఉంటుంది. పక్కన బాణం గుర్తు నొక్కితే అయిదు వారాల వరకూ ఎంచుకోవచ్చు. విండోస్ 10లో ఇది ఏడు రోజుల చొప్పున 35 రోజుల దాకా ఉంటుంది.

ఇక్కడ రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. మొదటిది, అప్పటికే నారింజ చుక్క కనిపిస్తుంటే పాజ్ నొక్కడం పెద్దగా పనికిరాదు. దిగిన అప్‌డేట్ రీస్టార్ట్ కోసం వేచి ఉంది కాబట్టి ముందు ఆ రీస్టార్ట్ పూర్తి చేసి, ఆ తర్వాత పాజ్ చేయండి. పరీక్షకు మూడు నాలుగు రోజుల ముందే ఈ పని అయిపోవాలి, ముందు రోజు రాత్రి కాదు. అప్‌డేట్ తర్వాత కెమెరా, మైకు సరిగా పనిచేస్తున్నాయో చూసుకోవడానికి వ్యవధి ఉండాలి. రెండోది, పాజ్ గడువు తీరాక అప్‌డేట్లు వేసుకోకుండా మళ్లీ పాజ్ చేయనివ్వదు. అయిదు వారాలు అవకాశం ఉంది కదా అని పూర్తిగా వాడేయకండి. పని ఉన్న వారం వరకే పెట్టి, పని కాగానే 'రిజ్యూమ్ అప్‌డేట్స్' నొక్కండి.

విండోస్ అప్‌డేట్ సర్వీసునే ఆపేయమని, ఏవో ఫైళ్లు తొలగించమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. ఆపేసిన ఆ సర్వీసును విండోస్‌లోనే ఉండే మరో సర్వీసు కొన్నాళ్లకు మళ్లీ లేపుతుంది. అప్పుడు పేరుకుపోయిన అప్‌డేట్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. తప్పించుకోవాలనుకున్న ఇబ్బందే మరింత పెద్దదై వస్తుంది.

షట్‌డౌన్ వేరు, రీస్టార్ట్ వేరు

నేను రోజూ కంప్యూటర్ ఆపేస్తూనే ఉన్నాను, ఇంకా రీస్టార్ట్ ఎందుకు అడుగుతోంది అని చాలామంది అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. చాలా కంప్యూటర్లలో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఆన్‌లో ఉంటుంది. మళ్లీ త్వరగా తెరుచుకోవడానికి, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి భాగాన్ని పూర్తిగా మూసేయకుండా డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే అక్కడి నుంచే కొనసాగుతుంది. రీస్టార్ట్ అలా కాదు. అంతా మూసి, మొదటి నుంచి తెరుస్తుంది.

మీ కంప్యూటర్ నిజంగా ఎన్నాళ్లుగా రీస్టార్ట్ కాలేదో చూడాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర 'అప్ టైమ్' అని ఉంటుంది. రోజూ ఆపుతున్నామనుకునే కంప్యూటర్లలో కూడా అక్కడ వారాల లెక్క కనిపించడం మామూలే.

అప్‌డేట్ సిద్ధంగా ఉన్నప్పుడు పవర్ బటన్ నొక్కితే మామూలు షట్‌డౌన్, రీస్టార్ట్‌లతో పాటు 'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్', 'అప్‌డేట్ అండ్ రీస్టార్ట్' కూడా కనిపిస్తాయి. రాత్రి పడుకునే ముందు మొదటిది నొక్కడం మన ఇళ్లకు చక్కగా సరిపోయే పద్ధతి. అయితే అది వెంటనే ఆగిపోదు. నీలం లేదా నలుపు తెర మీద శాతాలు నడుస్తాయి, మధ్యలో ఒకసారి మళ్లీ వెలిగినట్టు కనిపించవచ్చు. పూర్తిగా ఆగి, లైట్లు ఆరేదాకా గోడ స్విచ్ మీద చేయి వేయకండి. ఇంట్లో పడుకునే ముందు స్విచ్‌లన్నీ ఆపే అలవాటున్న పెద్దవాళ్లకు ఆ రాత్రి ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి.

కరెంటు పోయే ప్రాంతమైతే ఇంకా జాగ్రత్త. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి, బ్యాటరీ కూడా నిండుగా ఉన్నప్పుడే అప్‌డేట్‌కు వదలండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంటే మంచిది. ఈదురుగాలులు, ఉరుములు ఉన్న సాయంత్రం మొదలుపెట్టకండి. అప్‌డేట్ల జాబితాలో ఫర్మ్‌వేర్ లేదా బయాస్ (విండోస్ కంటే ముందే కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం) అన్న మాట కనిపిస్తే మరింత జాగ్రత్త పడాలి. విండోస్ ఫైళ్ల మార్పు మధ్యలో ఆగినా చాలాసార్లు అది తనంతట తాను సర్దుకుంటుంది. బయాస్ మార్పు మధ్యలో కరెంటు పోతే కంప్యూటర్ తెరుచుకోకుండా పోవచ్చు.

రీస్టార్ట్ అయినా పని పోకుండా

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను వన్‌డ్రైవ్‌లో దాచుకుంటే, పైన ఎడమ మూలన ఉండే ఆటోసేవ్ ఆన్‌లో ఉన్నప్పుడు, మార్పులు ఎప్పటికప్పుడు సేవ్ అవుతాయి. కంప్యూటర్‌లోనే దాచుకునే ఫైళ్లకు ఆటోసేవ్ పనిచేయదు, ఆటోరికవర్ ఒక్కటే దిక్కు. అది మామూలుగా పది నిమిషాలకోసారి మాత్రమే కాపీ తీస్తుంది. ఫైల్, ఆప్షన్స్, సేవ్ లోకి వెళ్లి దాన్ని రెండు మూడు నిమిషాలకు తగ్గించుకోండి.

సెట్టింగ్స్‌లో అకౌంట్స్, సైన్ ఇన్ ఆప్షన్స్ లోపల 'ఆటోమేటికల్లీ సేవ్ మై రీస్టార్టబుల్ యాప్స్' అనే స్విచ్ ఉంది. ఆన్ చేస్తే బ్రౌజర్ లాంటి కొన్ని యాప్‌లు రీస్టార్ట్ తర్వాత వాటంతట అవే తెరుచుకుంటాయి. అన్నీ కాదు. డీటీపీ పనిచేసేవాళ్లు పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్‌ల విషయంలో దీని మీద ఆధారపడకండి. అవి మళ్లీ తెరుచుకోవు. తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్‌ను కూడా మీరే మళ్లీ ఆన్ చేసుకోవాలి. పత్రిక పేజీ గానీ, శుభలేఖ గానీ, ఏది చేస్తున్నా లేచే ముందు కంట్రోల్ ఎస్ నొక్కే అలవాటుకు మించిన రక్షణ లేదు.

బ్రౌజర్‌లో నింపుతున్న ఫారం మాత్రం వీటిలో దేనికీ దక్కదు. పేజీ తిరిగి తెరుచుకున్నా లాగిన్ గడువు తీరిపోయి, రాసినవి పోతాయి. పెద్ద పెద్ద జవాబులు రాయాల్సిన దరఖాస్తులైతే ముందు నోట్‌ప్యాడ్‌లో రాసి సేవ్ చేసి, తర్వాత ఫారంలో అతికించండి.

తెర ఒకే శాతం దగ్గర ఆగిపోతే

ముందు ఆగండి, టెన్షన్ పడకండి. ముప్పై శాతం దగ్గర అరగంట ఉండిపోయినా అది చచ్చిపోయినట్టు కాదు. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో త్వరగా అయ్యే పనే పాత హార్డ్ డిస్క్ మీద గంట దాటి పడుతుంది. డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటుంటే లోపల పని నడుస్తున్నట్టే. గంటలు గడిచినా లైటూ కదలక, శాతమూ కదలకపోతే అప్పుడు పవర్ బటన్‌ను ఆగిపోయేదాకా నొక్కి పట్టుకుని, మళ్లీ ఆన్ చేయండి. చాలాసార్లు విండోస్ అప్‌డేట్‌ను వెనక్కి తీసేసి మామూలుగా తెరుచుకుంటుంది.

వరుసగా తెరుచుకోలేకపోతే నీలం తెర మీద మరమ్మతు మెనూ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' అనే దారిలో వెళ్లి చివరిగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్‌ను (నెలవారీ అప్‌డేట్‌కు అక్కడ ఉండే పేరు) తీసేయొచ్చు. కంప్యూటర్ తెరుచుకుంది గానీ ప్రింటరో, సౌండో పనిచేయడం మానేసిందా? విండోస్ అప్‌డేట్ పేజీలో అప్‌డేట్ హిస్టరీ తెరిస్తే ఏ రోజు ఏది వచ్చిందో, ప్రతి అప్‌డేట్‌కూ ఉండే కేబీ నంబరుతో సహా ఉంటుంది. కిందనే తీసేసే అవకాశమూ ఉంది. తీసేశాక ఒకటి రెండు వారాలు పాజ్ చేసి, సవరించిన అప్‌డేట్ వచ్చాక వేసుకోండి.

ఒక్కటి మాత్రం ఇబ్బంది రాకముందే చేసి పెట్టుకోవాలి. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో, ఇతరులు చదవలేకుండా డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రక్షణ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. కొన్ని అప్‌డేట్ల తర్వాత, ముఖ్యంగా ఫర్మ్‌వేర్ మారినప్పుడు, రీస్టార్ట్ కాగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే లోపలి ఫోటోలు, ఫైళ్లు ఏవీ దక్కవు. సాధారణంగా ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. ఈ రోజే ఆ ఖాతాలోకి వెళ్లి, డివైసెస్ కింద బిట్‌లాకర్ కీ చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. కంప్యూటర్‌లోనే దాచుకుంటే ఉపయోగం లేదు.

దొంగ అప్‌డేట్ పెట్టెలు

నిజమైన రీస్టార్ట్ పెట్టె టాస్క్‌బార్ మూలన గానీ సెట్టింగ్స్‌లో గానీ వస్తుంది. బ్రౌజర్ పేజీ లోపల రాదు. అందులో ఫోన్ నంబరు ఉండదు, డబ్బు అడగదు. ఏదో సైటు తెరిచినప్పుడు తెర అంతా నిండిపోయి, వైరస్ వచ్చింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని అరుపులు వినిపిస్తే అది మోసమే. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేయండి. ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ పెట్టుకుని కంప్యూటర్‌ను వాళ్ల చేతికి ఇచ్చేసి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపి, బ్యాంకుకు చెప్పి, 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటా పనిచేసే నంబరు అది.

క్రోమ్ కూడా రీలాంచ్ అడుగుతుంది, కానీ అది కంప్యూటర్ రీస్టార్ట్ కాదు, బ్రౌజర్ ఒక్కటే మూసి తెరవడం. కుడి పైమూలన వచ్చే గుర్తు రంగు చూడండి. ఆకుపచ్చ అంటే అప్‌డేట్ వచ్చి రెండు రోజులు కాలేదు, నారింజ అంటే నాలుగు రోజులవుతోంది, ఎరుపు అంటే కనీసం వారం దాటింది. ఎరుపు దాకా తెచ్చుకోకండి. ట్యాబ్‌లు మళ్లీ తెరుచుకుంటాయి, ఇన్‌కాగ్నిటో విండోలు మాత్రం తెరుచుకోవు.

విండోస్ 10 వాడేవాళ్లకు

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. రీస్టార్ట్ అడగడం మానేసిందని సంతోషించే విషయం కాదు ఇది, మందు రావడం ఆగిపోయిందని అర్థం. మద్దతు ముగిశాక కూడా భద్రతా అప్‌డేట్లు అందించే పథకం పేరు ఈఎస్‌యూ. విండోస్ అప్‌డేట్ పేజీలో అందులో చేరే లింకు కనిపిస్తే చేరండి. ఇళ్లలో వాడేవాళ్లకు దాని ద్వారా 2026 అక్టోబర్ 13 వరకూ భద్రతా అప్‌డేట్లు అందుతాయి. ఆ లోపు విండోస్ 11కు మారే ఏర్పాటు చూసుకోండి.

ఊళ్లో అమ్మానాన్నల కంప్యూటర్

పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉండి ఊళ్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌ను ఫోన్‌లో చెబుతూ నడిపించే ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి కంప్యూటర్‌కు పాజ్ పెట్టకండి. తీసే మనిషి దగ్గర ఉండరు కాబట్టి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు యాక్టివ్ అవర్స్ ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు వరకూ పెట్టండి. నోటిఫికేషన్ స్విచ్ ఆన్ చేయండి, ప్రివ్యూ అప్‌డేట్ల స్విచ్ ఆఫ్ చేయండి, బిట్‌లాకర్ కీ రాసి మీ దగ్గర కూడా ఒక కాపీ ఉంచుకోండి. నారింజ చుక్క ఎక్కడ వస్తుందో చూపించి, అది కనిపించిన రాత్రి అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ నొక్కి, లైట్లు ఆరాకే స్విచ్ ఆపాలని చెప్పండి. దూరం నుంచి చూడాల్సి వస్తే విండోస్‌తో వచ్చే క్విక్ అసిస్ట్ వాడొచ్చు. అయితే రీస్టార్ట్ అయితే ఆ కనెక్షన్ తెగిపోవచ్చు కాబట్టి, రీస్టార్ట్ నొక్కించే ముందు ఫోన్ లైన్‌లో వాళ్లను ఉంచుకోండి. మళ్లీ తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగి, డెస్క్‌టాప్ కనిపించిందని వాళ్లు చెప్పాకే ఫోన్ పెట్టేయండి.